పిట్టగోడకు అటూ ఇటూ: రాజధాని రోజుల కర్నూలులో పక్కింటి ప్రేమను నవలగా రాయడం ఎలా

పాత కర్నూలులో పక్కపక్క మిద్దెల మధ్య పిట్టగోడ మోకాలి ఎత్తు ఉంటే ఎక్కువ. ఎండాకాలం రాత్రి రెండిళ్ల వాళ్లూ చాపలు, మంచాలు పైకి మోసుకుపోయి పడుకునేవాళ్లు. అటు పక్క ఎవరికి దగ్గొచ్చినా ఇటు పక్క మెలకువ వస్తుంది. పక్కింటి ప్రేమను చారిత్రక నవలగా రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఊరికే సలహాలు చెప్పుకుంటూ పోకుండా, ఒక నవలను ఉదాహరణగా పట్టుకుని మొదటి నుంచి కడదాం. 1953 కర్నూలు. ఒక గేరిలో, అంటే వీధిలో, రెండు మిద్దెలు. ఒకదాంట్లో ఓబులమ్మ. పందొమ్మిదేళ్లు, హైస్కూలు చదువు అయింది, నాయనకు ఊరి బయట కొంచెం పొలం ఉంది. రెండోదాంట్లోకి సూర్యం అద్దెకు దిగాడు. ఇరవైమూడేళ్లు, సచివాలయంలో గుమాస్తా, తెనాలి వైపు మనిషి. మద్రాసులో ఉద్యోగం చేస్తూ, ఆఫీసుతో పాటు తల్లిని తీసుకుని ఇక్కడికి వచ్చాడు.

మీ పాత్రలు వేరే కావచ్చు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. మీ ప్రేమకథ ఆ గేరిలో, ఆ సంవత్సరాల్లో తప్ప ఇంకెక్కడా జరగడానికి వీల్లేనట్టు ఉండాలి. సంవత్సరం మార్చినా కథ చెక్కుచెదరకపోతే, మీరు రాసింది ఈనాటి కథే. పాత పంచె కట్టించారు, అంతే.

1. గడువున్న కాలాన్ని ఎంచుకోండి

చారిత్రకం అనగానే చాలామంది రాజుల దగ్గరికి పోతారు. పక్కింటి ప్రేమకు రాజు అక్కర్లేదు. ఇద్దరిని పక్కపక్కకు చేర్చి, మళ్లీ విడదీయగల సంఘటన ఒకటి కావాలి.

కర్నూలు, కడప, అనంతపురం, మన ఈ మూడు జిల్లాల్లో అలాంటి కాలాలకు కొదవ లేదు. 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపకు వచ్చాక పండితులను, లేఖకులను పెట్టి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఊరూరి నుంచి వచ్చిన ఆ లేఖకులు పక్కపక్క ఇళ్లలో దిగితే ఒక కథ పుడుతుంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఇంగ్లీషువాళ్లు దించేశారు. నవాబు కొలువును నమ్ముకున్న ఇళ్లు రాత్రికి రాత్రే దిక్కులేనివయ్యే కథ అది. 1876-78 కరువును మన పెద్దలు ధాత కరువు అంటారు. గింజలున్న ఇల్లు, గింజల్లేని ఇల్లు పక్కపక్కన ఉంటే ఆ గోడ దగ్గర ప్రేమ ఎంత ఉందో ఆకలీ అంతే ఉంటుంది. ఎప్పటికైనా ఎవరైనా అనంతపురం పల్లెలో ఆ నవల రాయాలని నాకు చాలా ఆశ.

మొదటి నవలకు మాత్రం 1953నే పట్టుకోమంటాను. ఆ రోజులు చూసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు. పైగా ఆ కాలానికి మొదలూ చివరా తేదీలతో సహా ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. మధ్యలో 37 నెలలు. సూర్యం ఆ గేరిలో ఉండేది అన్నాళ్లే. ఆ సంగతి పాఠకుడికి మొదటి పేజీ నుంచీ తెలుసు, సూర్యానికి తెలియదు. ఓబులమ్మకు అసలే తెలియదు. నవలకు కావాల్సిన టెన్షన్ అంతా అక్కడే ఉంది. విలన్‌ను వేరే వెతుక్కోనక్కర్లేదు.

2. ఆ రెండిళ్లనూ కాగితం మీద కట్టండి

ఒక్క వాక్యం రాయకముందే ఇళ్ల బొమ్మ గీయండి. తలుపు ఎటు ఉంది, బావి ఎవరి పెరట్లో ఉంది, వాన నీళ్లు ఎవరి వైపు పడతాయి, ఏ గదిలో మాట్లాడితే ఎక్కడికి వినపడుతుంది. బొమ్మ గీయకుండా రాస్తే మూడో అధ్యాయంలో తూర్పున ఉన్న కిటికీ పదో అధ్యాయంలో పడమరకు పోతుంది.

సీమ మిద్దె గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో సగం పని అదే చేస్తుంది. మందమైన రాతిగోడలు, పైన కర్ర దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, వాటి పైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు మట్టి నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే వానలకు ముందు మిద్దె మీద కొత్తగా చౌడు పరుస్తారు. నేల మీద నాపరాళ్లు. గదిలోకి వెలుతురు రావడానికి కప్పులో చిన్న రంధ్రం వదులుతారు, అదే గవాక్షి. వాన మొదలైతే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి దానిమీద బండ జరపాలి.

ఇందులో ప్రతిదీ ఒక దృశ్యమే. చౌడు పరిచే రోజున ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ మిద్దె మీదే ఉంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. వాన పడితే రెండిళ్ల నుంచీ ఎవరో ఒకరు పైకి రాక తప్పదు. గవాక్షి పక్కన కూర్చుంటే కింద ఇంట్లో మాటలు వినిపిస్తాయి. ఓబులమ్మకు సంబంధం చూస్తున్నారన్న కబురు సూర్యానికి ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు. వద్దనుకున్నా వినపడుతుంది.

ఇంటి బయట ఊరు ఉంది. ఎండాకాలం హంద్రీ ఎండిపోయి ఇసుకే మిగిలితే చెలిమలు తోడి నీళ్లు ముంచుకోవాలి. చెలిమలో నీళ్లు ఊరడానికి సమయం పడుతుంది. ఎదురుచూడాలి, ఎదురుచూస్తూ మాట్లాడుకోవాలి. కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం, ఊళ్లోంచి పోయే కేసీ కాలువ, ఇవన్నీ అప్పటికే ఉన్నాయి. వాటిని టూరిస్టు గైడులా వర్ణించకండి. ఆ ఊరి మనిషి బురుజును చూసి ఆశ్చర్యపోడు, దాని నీడ ఎటు పడిందో చూసి పొద్దెంతయిందో చెప్తాడు.

అక్కడ తుంగభద్రను మాత్రం మరిచిపోవద్దు. 1956 వరకు ఏటికి అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రం. అలంపురం గుళ్లు ఎంతో దూరం లేవు, కానీ అది పరాయి రాష్ట్రం. రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమైన రోజునే రాజధాని కర్నూలును వదిలి వెళ్లింది. ఏరు కలిసిన రోజున గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు విడిపోవాల్సి వచ్చిందన్నమాట. చరిత్ర తనంతట తానే ఇచ్చిన ఈ సంగతిని తీసుకోవడానికి సిగ్గుపడకండి.

3. వరస తేల్చండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

తెలుగు గేరిలో పక్కింటివాళ్లు పేర్లతో పిలుచుకోరు, వరస పెట్టుకుని పిలుచుకుంటారు. అద్దెకు దిగిన మొదటి రోజే సూర్యం తల్లి పక్కింటావిడను ఏదో ఒకటి పిలవాలి. "అక్కా" అందనుకోండి. అక్కచెల్లెళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. ఆ ఒక్క మాటతో సూర్యం, ఓబులమ్మల కథ పుట్టకముందే ముగిసింది. "వదినా" అందనుకోండి. వదిన కూతురు మేనకోడలి వరస అవుతుంది, కొడుక్కి మరదలు. అంటే ఇద్దరు తల్లులు మంచినీళ్ల బిందె దించుకుంటూ అన్న ఒక్క మాట మీద నవల మొత్తం ఆధారపడి ఉంది.

మన భాషలో పక్కింటి ప్రేమకున్న అసలు అడ్డంకి ఇదే. గోడ కాదు. గోడ దూకొచ్చు, వరస దూకడం కష్టం. గేరి మొత్తం ఒప్పుకున్న వరస అది, ఏళ్ల తరబడి పిలిచిన పిలుపు అది. "ఇన్నాళ్లూ అన్నా అని పిలిచిన నోటితో" అని ఒక పెద్దావిడ మొదలుపెడితే దానికి జవాబు ఉండదు.

కాబట్టి కూర్చుని ఒక పట్టిక రాసుకోండి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎప్పటి నుంచి, ఎవరి ముందు. మా ఉదాహరణలో నేను ఇలా పెట్టాను. తల్లులిద్దరూ "వదినా" అనుకుంటారు. సూర్యం తల్లి కోస్తా నుంచి వచ్చింది, వాళ్లవైపు పరిచయం లేనివాళ్లను అలా పిలవడం మర్యాద, ఇంకేమీ ఆలోచించలేదు. ఓబులమ్మ జేజి, అంటే అవ్వ, మాత్రం ఆ పిలుపు విని మొదటి రోజే ముఖం చిట్లించింది. వయసొచ్చిన పిల్ల ఉన్న ఇంటి పక్కన అద్దెకొచ్చినవాళ్లు వచ్చిన వెంటనే వదినా అనడం ఆమెకు నచ్చలేదు. మరుసటి రోజు నుంచి ఆమే ఓబులమ్మకు నేర్పింది: "ఆ పిల్లోన్ని అన్నా అని పిలువు." ఓబులమ్మ ఏం చేసింది? అన్నా అనలేదు, బావా అనలేదు. ఏమీ పిలవడం మానేసింది. "ఇదో", "చూడు", "ఇక్కడ" అంటూ పిలుపు లేకుండానే మాట్లాడుతుంది.

ఆ పిలుపు లేకపోవడమే ప్రేమ మొదలైందనడానికి గుర్తు. ఆ సంగతి మీరు పాఠకుడికి చెప్పనక్కర్లేదు, తెలుగు పాఠకుడు తానే పట్టుకుంటాడు. రెండువందల పేజీల తర్వాత ఆమె మొదటిసారి అతన్ని ఏదో ఒకటని పిలిస్తే, అది ఏ ముద్దు దృశ్యానికీ తీసిపోదు.

వరస పట్టికలో పొరుగున ఉన్న మిగతావాళ్లనూ చేర్చండి. ముస్లిం కుటుంబం లేని పాత కర్నూలు గేరిని రాస్తే ఊరు అబద్ధమవుతుంది. ఎదురింటి ముసలాయనను పిల్లలంతా "తాతా" అనే పిలుస్తారు, పీర్ల పండుగకు గుండం దగ్గర అందరూ ఉంటారు. చాంద్రమానం కాబట్టి ఆ పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 1954లో అది సెప్టెంబరులో వచ్చింది. పండుగ పెట్టే ముందు ఇలాంటివి లెక్క చూసుకోండి.

4. పేర్లు, మాటలు

మన జిల్లాల పేర్లలో దేవుళ్లు, కొండలు ఉంటాయి. అహోబిలం ఉంది కాబట్టి ఓబులేసు, ఓబులమ్మ. మద్దిలేటి నరసింహస్వామి ఉన్నాడు కాబట్టి మద్దిలేటి. మహానంది ఉంది కాబట్టి మహానందయ్య. ఉరుకుంద ఈరన్న ఉన్నాడు కాబట్టి ఉరుకుందప్ప, ఈరన్న. పేరు వినగానే ఊరు తెలియాలి. 1934లో పుట్టిన పిల్లకు ఈనాటి సీరియల్ పేరు పెట్టకండి.

మాట విషయంలో రెండు ఇళ్లకు రెండు తెలుగులు. ఓబులమ్మ ఇంట్లో చెనిక్కాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, బొరుగులు. సూర్యం ఇంట్లో వేరుశనక్కాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, మరమరాలు. వాళ్లు జొన్నరొట్టె, ఊరిబిండి తింటారు, పొద్దున ఉగ్గాని చేస్తారు. వీళ్లకు మూడుపూటలా వరన్నం కావాలి. ఈ తేడాలను హాస్యం కోసం వాడకండి. ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి పోయి, ఖాళీగా కాకుండా ఏదో ఒకటి పెట్టుకుని తిరిగొచ్చే వ్యవహారంగా వాడండి. ఆ గిన్నె ఏం మోసిందో రాస్తూ పోతే రెండిళ్ల మధ్య స్నేహం ఎంత పెరిగిందో తెలిసిపోతుంది.

అపార్థాలకు భాషే చాలు. సీమలో "పో" అనడం మామూలు మాట. "చీకటి పడింది, పో" అంటే జాగ్రత్తగా ఇంటికి చేరమని. కోస్తా చెవికి అది గెంటేసినట్టు వినిపిస్తుంది, వాళ్లు "వెళ్లండి" అంటారు. అదే విధంగా, తనకంటే పెద్దవాడు తనను "మీరు", "అండీ" అంటే ఓబులమ్మకు ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది. మొదటి యాభై పేజీల దూరాన్ని ఈ రెండు మాటలతోనే నడిపించొచ్చు.

ఇంకో చిన్న మాట. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో స్థిరపడింది. అంతకుముందు దత్తమండలాలు. కాబట్టి 1953లో ఓబులమ్మ "సీమ" అంటుంది, ఆమె జేజినాయన నోట ఇంకా "దత్తమండలం" వస్తుంది. ఒకే ఇంట్లో మూడు తరాల మాట వినిపిస్తే కాలం దానంతట అదే కనిపిస్తుంది.

యాసను ప్రతి అక్షరంలో పెట్టాలని చూడొద్దు. "వస్తాది", "యాడ", "ఏంది", "మల్ల" వంటి పది ఇరవై రూపాలను ఎంచుకుని నిలకడగా వాడండి. కథనం మామూలు తెలుగులో ఉంటే సంభాషణ ఇంకా బాగా వినిపిస్తుంది.

5. డబ్బు, కొలతలు, వెలుగు

నా మొదటి ప్రతిలో 1954లో సూర్యం టీ తాగి "పది పైసలు" ఇచ్చాడు. చదివిన ఒక పెద్దాయన ఆ పేజీ దగ్గరే ఆగిపోయారు, ముందుకు పోలేదు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు. అణా, బేడ, పావలా, కానీ, ఇవే వాడాలి. కిలోలు, మీటర్లు కూడా ఇంకా రాలేదు. శేరు, వీశె, మణుగు, గజం. ఇంట్లో వెలుగు లాంతరుదో, బుడ్డిదో ముందే తేల్చుకోండి. రేడియో ఉన్న ఇల్లు గేరికి ఒకటి ఉంటే గొప్ప. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది కాబట్టి తెలుగు కార్యక్రమం వినే అవకాశం ఉంది. పత్రికలు మద్రాసు నుంచి వచ్చేవి.

సంవత్సరాల పేర్లను కూడా వాడుకోండి. 1953 ఉగాది నుంచి విజయ, 1954 నుంచి జయ, 1955 నుంచి మన్మథ, 1956 నుంచి దుర్ముఖి. ప్రేమకథకు పంచాంగం ఇంతకంటే ఏం చేయగలదు? జేజి నోట ఇంగ్లీషు సంవత్సరం రాకూడదు.

6. అడ్డంకిని నిజాయితీగా పెట్టండి

కులం సంగతి తేల్చకుండా తెలుగు ప్రేమ నవల రాయడం కుదరదు. ఎవరికి ఇల్లు అద్దెకిచ్చారు, ఎవరు ఎవరి వంటింటి దాకా రావచ్చు, ఎవరి బావిలో ఎవరు తోడుకోవచ్చు, అన్నీ దాని మీదే ఆధారపడి ఉండేవి. ఇద్దరిదీ ఒకే కులమైతే మీ అడ్డంకి ప్రాంతం, ఆస్తి. వేరే కులాలైతే అద్దెకు ఇచ్చినప్పటి నుంచే ఆ మాట గేరిలో ఉంటుంది. పాఠకుడికి ఇబ్బందిగా ఉంటుందని దాన్ని పక్కన పెట్టొద్దు.

చట్టం ఏం ఒప్పుకునేదో తెలుసుకుంటే కథకు దారులు దొరుకుతాయి. హిందువుల మధ్య కులాంతర వివాహం 1949 చట్టంతోనే చెల్లుబాటైంది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, అది 1955 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అతికించాలి, 30 రోజులు ఆగాలి. ఊరంతా గుమాస్తాలే ఉన్న చిన్న రాజధానిలో ఆ కాగితం గోడ మీద 30 రోజులు ఎవరి కంటా పడకుండా ఉంటుందా? మీ జంట రెండు మతాలవాళ్లయితే ఆ నెల రోజులే ఒక పెద్ద అధ్యాయం.

ప్రాంతాల మధ్య అపనమ్మకాన్నీ తప్పించుకోలేరు. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానిగానీ హైకోర్టుగానీ సీమ కోరుకోవచ్చన్న మాట ఉంది. ఆ మాట మీదే కర్నూలుకు రాజధాని వచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరుకు పోయింది. ఓబులమ్మ నాయనకు ఇది చాలా పెద్ద విషయం. ఇంటి గడప ముందుకు వచ్చిన రాజధాని మీద ఆయనకు గర్వం ఉంది. ఆ రాజధానితో పాటే వచ్చిన పక్కింటి కుర్రాడి మీద అనుమానమూ ఉంది. అటు సూర్యానికి మద్రాసు వదలాల్సి వచ్చిందన్న బాధ ఉంది. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి, ఎండకు కాగితాలు కూడా వేడెక్కుతాయి, ఇల్లు దొరకడమే గగనం. ఇద్దరి బాధలోనూ న్యాయం ఉంది. ఒకరిని మంచివాళ్లుగా, ఇంకొకరిని చెడ్డవాళ్లుగా చేస్తే నవల అక్కడే చచ్చిపోతుంది.

7. కథను తేదీలకు కట్టండి

గోడ మీద పొడుగాటి కాగితం అతికించి 37 గళ్లు గీయండి. ముందు చరిత్ర తేదీలు రాయండి, తర్వాతే ప్రేమ.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం. ఇది కథకు ముందు సంగతి, సూర్యం మద్రాసులో ఆ రోజులు చూశాడు. 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. సూర్యం రాక అప్పుడే. 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారంలో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు, మన్మథ ఉగాది వెళ్లిన కొన్నాళ్లకే, మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. 1955 జూన్ 20న సూర్యగ్రహణం, సింహళంలో సంపూర్ణం, మన దగ్గర పాక్షికం. ఆ శరదృతువులో రాష్ట్రాల పునర్విభజన నివేదిక బయటికి వచ్చింది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం. అప్పటికి హైదరాబాదు పోవాల్సి వస్తుందని గుమాస్తాలందరికీ అర్థమైపోయింది. నవంబరు 1న అంతా అయిపోయింది.

ఇప్పుడు ప్రేమను ఆ గళ్లలో పెట్టండి, కానీ చరిత్రను వార్తల్లా చదివించకండి. ప్రభుత్వం పడిపోయిన రాత్రి మీ అధ్యాయం అసెంబ్లీలో ఉండకూడదు. సూర్యం ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు, తల్లి నిద్రపోయింది, పిట్టగోడ మీద మూతపెట్టిన గిన్నె ఉంది. అంతే. గ్రహణం రోజున గేరి మొత్తం స్నానాలు, పట్టువిడుపుల హడావిడిలో ఉంటే, మసిపట్టిన గాజుముక్క ఒకటి ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు చేతులు మారొచ్చు. పునర్విభజన నివేదిక వచ్చిన నెలలో ఓబులమ్మ పేపరు చదవడం మొదలుపెడుతుంది. ఎందుకని ఎవరూ అడగరు, జేజి తప్ప.

8. ప్రేమ దృశ్యాన్ని చేతులతో రాయండి

ఆ కాలపు మనుషులు ప్రేమ అనే మాటను ఎదుటివాళ్లతో అనరు. చేతులతో ఏదో పని చేస్తూ ఉంటారు, మాట పని గురించే ఉంటుంది. నా నవలలోంచి ఒక ముక్క:

సూర్యం గవాక్షి మూయడానికి పైకి వచ్చేసరికి చినుకులు పెద్దవయ్యాయి. బండను ఎత్తబోయాడు, లేవలేదు. ఓబులమ్మ పిట్టగోడ దాటి వచ్చి ఒక అంచు పట్టుకుంది.

"ఎత్తద్దు, జరుపు. ఏలు నలుగుతాది."

బండ జరిగింది. కింద గదిలో వెలుతురు పోయింది.

"మీరు తడిసిపోతున్నారండీ."

"నన్ను ఒక్కదాన్నే కదా అనేది? మల్ల మీరు ఏంది, ఇద్దరుండినట్ల."

అతను ఏమీ అనలేదు. ఆమె తన వైపు గవాక్షి ఇంకా తెరిచే ఉందన్న సంగతి మరిచిపోయింది.

చివరి వాక్యం చూడండి. ఆమె మనసులో ఏముందో చెప్పలేదు. తెరిచి ఉన్న గవాక్షిలోంచి ఆమె ఇంట్లోకి వాన పడుతోంది, అంతే. ఇంకో వాక్యం కలిపి "ఆమె గుండె వేగంగా కొట్టుకుంది" అని రాస్తే ఈ దృశ్యం పాడవుతుంది. ప్రతి ప్రేమ దృశ్యానికీ ఇలాంటి ఒక పని వెతకండి. చౌడు తొక్కడం, చెలిమ తోడడం, జొన్నలు చెరగడం, ఉత్తరం చదివి పెట్టడం. ఓబులమ్మ చదువుకుంది, సూర్యం తల్లికి చదువు రాదు. కొడుకు ఆఫీసులో ఉన్నప్పుడు తెనాలి నుంచి వచ్చిన ఉత్తరాలు ఓబులమ్మే చదివి వినిపించాలి. ఒక రోజు ఆ ఉత్తరంలో సూర్యానికి పెళ్లి సంబంధం గురించి ఉంటుంది. ఆమె దాన్ని గట్టిగా చదవాలి.

9. పెద్దల దగ్గర కూర్చోండి

పుస్తకాలు చూడండి. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ పాత ఊరి స్వరూపాన్ని చెప్తుంది. అనంతపురానికి ఫ్రాన్సిస్ 1905 గెజెటీరు, కడపకు గ్రిబుల్ 1875 మాన్యువల్ ఉన్నాయి. 1950ల నాటి దినపత్రికల పాత సంచికల్లో వార్తల కంటే ప్రకటనలు, ధరలు ఎక్కువ పనికొస్తాయి.

కానీ గేరి జీవితం కాగితాల్లో దొరకదు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు ఎన్నో ఇళ్లలో ట్రంకుపెట్టెల్లోని ఉత్తరాలు, పెళ్లిపత్రికలు, ఫోటోలు బురదలో పోయాయి. మా ఇంట్లోవీ పోయాయి. అప్పటి నుంచి నేను పెద్దవాళ్ల మాటలనే నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ పని ఆలస్యం చేయకండి. 1953లో పదేళ్ల పిల్ల ఇప్పుడు ఎనభై దాటిన అవ్వ.

"అప్పట్లో ఎలా ఉండేది అవ్వా?" అని అడిగితే "బాగుండేది నాయనా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. చిన్న ప్రశ్న అడగండి. మీ ఇంట్లో గవాక్షి ఏ గదిలో ఉండేది? ఎండాకాలం మిద్దె మీద ఎవరు ఏ పక్క పడుకునేవాళ్లు? పక్కింటామెను ఏమని పిలిచేదానివి, ఎందుకలా? ఆఫీసోళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మీ నాయన ఏమన్నాడు? వాళ్లు పోయిన రోజు గేరి ఎలా ఉండింది? చివరి ప్రశ్నకు ఒకావిడ నాకు చెప్పిన జవాబు నా నవలకు ఆఖరి అధ్యాయం అయింది. "పక్కిల్లు మాపటేళ దీపం లేకుండా ఉండె," అంది, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

10. తిరగరాసేటప్పుడు, చివర రాసేటప్పుడు

మొదటి ప్రతి అయ్యాక నెల రోజులు పక్కన పెట్టి మూడుసార్లు చదవండి. మొదటిసారి కాలం కోసం. ప్రతి వస్తువు, ప్రతి నాణెం, ప్రతి పండుగ తేదీ. రెండోసారి వరసల కోసం. పట్టిక పక్కన పెట్టుకుని, ఎవరైనా ఎవరినైనా తప్పు పిలిచారా చూడండి. మూడోసారి గట్టిగా చదివి ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. "ఆ పిల్ల అట్లా అనదు" అని ఎవరైనా అంటే వాదించకండి, ఆ పేజీ మళ్లీ రాయండి.

ముగింపు దగ్గర చాలామంది తొందరపడతారు. 1956 నవంబరులో సూర్యం పోవాలి, ఓబులమ్మ ఏం చేయాలి? ఇద్దరూ కలిసి రైలెక్కే ముగింపు కుదరొచ్చు, చట్టమూ ఒప్పుకుంటుంది. కానీ ఆమెకు ఒక జేజి ఉంది, పొలం ఉంది, తన తెలుగు ఉంది. హైదరాబాదు అద్దె ఇంట్లో ఆమె ఎవరితో మాట్లాడుతుంది? సూర్యం ఉద్యోగం వదిలి ఉండిపోతే తల్లిని ఎవరు పోషిస్తారు? ఏ దారి ఎంచుకున్నా దాని ఖర్చు ఎవరు భరిస్తారో పేజీలో కనిపించాలి. నేను అతన్ని పంపించాను, ఆర్నెల్లలో తిరిగొస్తాడో లేదో తేల్చలేదు.

ఆ ఆఖరి దృశ్యాన్ని మొదటి అపార్థంతోనే ముడివేశాను. సామాను బండి గేరి చివరకు చేరింది. సూర్యం ఒక్కడే వెనక్కి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. మూడేళ్ల కింద ఆమె "పో" అంటే నొచ్చుకున్నవాడే. ఈసారి జేజి పక్కనే ఉంది, గేరి అంతా చూస్తోంది. ఓబులమ్మ మొదటిసారి అతన్ని వరస పెట్టి పిలిచింది.

"పోయిరా, బావా."